పురుగులు తిన్న పుట్టగొడుగు మనమూ తినొచ్చా? (ఈ ఈగ ఏదో చెప్పగలరా)

#1 అడవిబాట · రోచెస్టర్, న్యూయార్క్

అందరికీ నమస్కారం. వానలు పడ్డాక మా ఇంటి దగ్గరి పార్కులో ఓక్ చెట్ల కింద తెల్ల పుట్టగొడుగులు విరివిగా లేచాయి. ఒకటి పీకి నిలువునా చీలిస్తే లోపల సన్నటి తెల్ల పురుగులు కదులుతున్నాయి. గొడుగు చుట్టూ చిన్న ఈగలు. మగ్గిన అరటిపండు మీద మూగేవాటి సైజే, ఒళ్ళు మాత్రం కాస్త నారింజ రంగులో ఉంది.

మా అత్తయ్యగారు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు. "పురుగు తిన్నదంటే విషం లేనట్టే, శుభ్రంగా కడిగి కూర చేద్దాం" అంటున్నారు. నాకు ధైర్యం చాలక ఆపాను. ఫోటోలు జత చేశాను. ఆ ఈగ ఏది? అత్తయ్యగారికి ఏమని చెప్పాలి?

#2 పెద్దిరాజు · ఖమ్మం జిల్లా

మీ అత్తగారు తప్పేం చెప్పలేదమ్మా. మా తాతల నాటి నుంచీ అదే లెక్క. పురుగు ముట్టని గొడుగును మనమూ ముట్టం. నోరులేని జీవికి తెలిసినంత మనకేం తెలుసు? ఇంకా అనుమానమైతే ఉడికేటప్పుడు వెండి నాణెం వేసి చూడండి. నల్లబడితే పారబోయండి, లేకపోతే తినండి.

#3 కీటకాల కిట్టయ్య · నిర్వాహకుడు

ముందు ఒక్క మాట. వండొద్దు. మిగతా చర్చ తర్వాత తీరిగ్గా చేసుకుందాం.

పెద్దిరాజు గారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను, వెండి నాణెం పరీక్ష పనికిరాదు. ప్రాణం తీసే పుట్టగొడుగుల్లోని విషానికి వెండిని నల్లబరిచే గుణం లేదు. పురుగుల సంగతి ఇంకా చిత్రం, దానికి విడిగా రాయాలి.

అడవిబాట గారూ, రెండు విషయాలు చూసి చెప్పండి. పురుగుకు నల్లగా మెరిసే తల ఉందా? పుట్టగొడుగు కాడ మొదట్లో, మట్టిలో ఉన్న భాగంలో, సంచిలాంటిది ఉందా? పీకకండి, కింద నుంచి తవ్వి తీయండి.

#4 అడవిబాట

తవ్వి చూశాను. కాడ అడుగున గుడ్డు పెంకులాంటి తెల్ల సంచి ఉంది. కాడ పైభాగంలో పల్చని పొర, పావడా కుచ్చులా వేలాడుతోంది. గొడుగు కింద రేకులు కూడా తెలుపే.

పురుగుకు తల అంటూ విడిగా కనబడటం లేదు. మొన దగ్గర రెండు చిన్న నల్ల కొక్కేలు, తోక వైపు రెండు బుల్లి గొట్టాలు. ఫోన్‌కు తగిలించే మాక్రో లెన్స్‌తో తీసిన ఫోటో పెడుతున్నాను.

#5 కీటకాల కిట్టయ్య · నిర్వాహకుడు

శభాష్, అడిగినదానికంటే ఎక్కువే చూశారు.

పుట్టగొడుగు: అడుగున సంచి, మెడలో పొర, తెల్ల రేకులు, ఒళ్ళంతా తెలుపు, ఓక్ చెట్టు కింద. ఇవన్నీ అమానిటా అనే పుట్టగొడుగుల గుంపు వైపే చూపిస్తున్నాయి. తూర్పు అమెరికాలో ఇలా కనిపించేవాటిలో అమానిటా బైస్పోరిజెరా ఒకటి. అక్కడివాళ్ళు 'డిస్ట్రాయింగ్ ఏంజెల్' అంటారు. ఫోటో చూసి జాతి ఖాయం చేయడం ఎవరివల్లా కాదు, కానీ ఈ లక్షణాలున్నదాన్ని పొయ్యి మీదికి ఎక్కించేవాడు ఉండకూడదు.

పురుగు: అడవి పుట్టగొడుగుల్లో తరచుగా దొరికేవి రెండు రకాలు. ఫంగస్ నాట్స్ అనే సన్నకాళ్ళ దోమలాంటి ఈగల పిల్లలకు నల్లటి గట్టి తల స్పష్టంగా ఉంటుంది. మీరు చూసినదానికి తల లేదు, నోటి కొక్కేలూ తోక గొట్టాలూ ఉన్నాయి. ఆ గొట్టాలు ఊపిరి తీసుకోవడానికి. నీళ్ళోడే గుజ్జులో తలకిందులుగా మునిగి తింటూ తోక పైకి పెట్టి గాలి పీలుస్తుంది. డ్రోసోఫిలా, అంటే అరటిపండు ఈగల గుంపు, పిల్లల తీరు ఇదే.

ఇక ఆ నారింజ ఈగ. నా పందెం డ్రోసోఫిలా నియోటెస్టేషియా మీద. ఉత్తర అమెరికా చల్లని అడవుల్లో తూర్పు నుంచి పడమర దాకా ఉంటుంది. ఐరోపాలోని టెస్టేషియానే ఇది కూడా అనుకునేవారు. 1992లో గ్రిమాల్డి, జేమ్స్, జేనికె కలిసి ఇది వేరే జాతి అని తేల్చి పేరు పెట్టారు. మీ ఊరి ఈగే అనుకోండి, ఎందుకంటే ఆ జాన్ జేనికె పనిచేసింది రోచెస్టర్ విశ్వవిద్యాలయంలోనే. అక్కడి అడవుల్లో దొరికే ఇంకో జాతి ఫాలెనై. దాని పొట్ట మీద మచ్చల వరసలుంటాయి. మీ ఫోటోలో మచ్చలు కనబడలేదు.

పెద్దిరాజు గారి మాటకు వస్తే, ఈ ఈగ పిల్లలు విషపు అమానిటాలను కూడా తిని హాయిగా ఎదుగుతాయి. కాబట్టి 'పురుగు తిన్నది, మనమూ తినొచ్చు' అనే లెక్క ఇక్కడ చెల్లదు.

#6 సందేహాలరావు · హైదరాబాద్

ఆగండాగండి. మనిషిని చంపే విషం మిల్లీమీటర్ల పురుగును ఎలా వదిలేస్తుంది? బరువు లెక్కన చూసినా ముందు పోవాల్సింది అదే కదా. మామూలు అరటిపండు ఈగ పిల్లను ఇందులో వేస్తే?

#7 కీటకాల కిట్టయ్య · నిర్వాహకుడు

చస్తుంది. మీరన్న అరటిపండు ఈగే, ప్రయోగశాలల్లో పెంచే డ్రోసోఫిలా మెలనోగాస్టర్, దాని పిల్లలు సాధారణంగా చాలా తక్కువ మోతాదుకే చచ్చిపోతాయి. అందుకే ఇది అడగాల్సిన ప్రశ్నే.

విషం పేరు ఆల్ఫా అమానిటిన్. మన కణాల్లో జన్యువులను చదివి ఆర్‌ఎన్‌ఏ రాసే ఎంజైమ్ ఒకటుంది, ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ 2. దానికి అతుక్కుని పని ఆపేస్తుంది. కొత్త ప్రొటీన్లు తయారుకావు, కణం చస్తుంది. పుట్టగొడుగు ఈగల్లో ఈ ఎంజైమ్ మారిపోయి ఉంటుందేమో, విషం అతుక్కోదేమో అని ఎవరికైనా అనిపిస్తుంది. 1983లో జేనికె బృందం 'సైన్స్' పత్రికలో ప్రచురించిన పని దీన్నే పరీక్షించింది. విషాన్ని తట్టుకునే ఈగల ఎంజైమ్‌ను బయటికి తీసి చూస్తే అది కూడా మామూలుగానే దెబ్బతింది. అంటే తాళం మారలేదు. తాళంచెవి అక్కడిదాకా చేరకుండానే ఎక్కడో అడ్డం పడుతోంది.

విషాలను విరిచే పీ450 ఎంజైముల మీద తర్వాత వేర్వేరు జాతుల్లో పరీక్షలు చేశారు. కొన్ని జాతుల్లో వాటి పాత్ర కనిపించింది, కొన్నిటిలో లేదు. ఒకే సమస్యను ఒక్కో ఈగ ఒక్కో దారిలో దాటినట్టుంది.

#8 డాక్టరమ్మ · విజయవాడ

ఈ ఫోరంలో మామూలుగా చదివి వెళ్ళిపోతాను. ఇది చూశాక ఆగలేకపోయాను.

అమానిటిన్‌లో అసలు మోసం దాని టైమింగ్. తిన్న వెంటనే ఏమీ ఉండదు. రుచి బాగానే ఉంటుందని బతికి బయటపడ్డవాళ్ళే చెప్పారు. ఆరు నుంచి పన్నెండు గంటలు, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా, వాంతులు, నీళ్ళ విరేచనాలు మొదలవుతాయి. ఒక రోజు తర్వాత తెరిపిన పడ్డట్టు ఉంటుంది. పేషెంటు ఇంటికి పోతానంటాడు. లోపల లివర్ చస్తున్నది సరిగ్గా అప్పుడే. మూడో రోజుకో నాలుగో రోజుకో కామెర్లు, రక్తం గడ్డకట్టకపోవడం, స్పృహ తప్పడం. కొందరికి లివర్ మార్పిడి తప్ప దారి ఉండదు.

లివరే ఎందుకంటే, లివర్ కణాల గోడల్లో ఉండే రవాణా ప్రొటీన్లు ఈ విషాన్ని తామే లోపలికి చేరవేస్తాయి. ఆ తర్వాత పైత్యరసంతో పేగులోకి వచ్చి, పేగు నుంచి మళ్ళీ లివర్‌కే చేరుతుంది. ఉడకబెట్టినా, ఎండబెట్టినా, ఫ్రీజర్‌లో పెట్టినా విషం పోదు. పెద్ద మనిషికి ఒక్క గొడుగు చాలు.

మన దేశంలో జరగదనుకోవద్దు. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది పోయారు, టీ తోటల కుటుంబాలవాళ్ళు ఎక్కువ.

అడవిబాట గారూ, ఎవరైనా తిని ఉంటే మాత్రం వాంతుల కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి వెళ్ళండి. మిగిలిన ముక్క ఏదైనా ఉంటే కాగితం సంచిలో పట్టుకెళ్ళండి.

#9 అడవిబాట

ఎవరూ తినలేదండీ. అత్తయ్యగారికి మీ పోస్టు చదివి వినిపించాను. "అయితే ఆ గిన్నె కూడా రెండుసార్లు తోము" అన్నారు.

#10 పెద్దిరాజు · ఖమ్మం జిల్లా

డాక్టరమ్మ చెప్పాక నేను వాదించను. కానీ ఒక సంగతి ఉంది. మా దగ్గర తొలకరి తర్వాత చెదపుట్టల మీద లేచే పుట్టగొడుగులు ఏటా తింటాం. ములుగు వైపు రోడ్ల పక్కన బుట్టల్లో అమ్ముతారు, మాంసం ధర పలుకుతాయి. అందులోనూ పురుగులుంటాయి, దులిపేసి వండుతాం. ఇన్నేళ్ళలో ఎవరికీ ఏమీ కాలేదు. మరి దానికేమంటారు?

#11 కీటకాల కిట్టయ్య · నిర్వాహకుడు

దానికి మీ అనుభవాన్నే మెచ్చుకుంటాను, పురుగుని కాదు.

మీరు తినేవి టెర్మిటోమైసెస్. చెదలు పుట్టలో పెంచుకునే బూజు నుంచే ఇవి పైకి వస్తాయి. తవ్వితే కాడ వేరులా సన్నబడి పుట్ట లోపలి దాకా పోతుంది. అడుగున సంచి ఉండదు. మీ వాళ్ళు చోటు చూస్తారు, కాలం చూస్తారు, కాడ చూస్తారు, వాసన చూస్తారు. ఇన్ని తరాలుగా కాపాడింది ఆ చూపు. పురుగు ఉండటం దాని పక్కన ఊరికే కలిసివచ్చిన సంగతి.

చిక్కు ఎక్కడొస్తుందంటే, ఆ చూపు ఒక నేలకే చెల్లుతుంది. ఉత్తర అమెరికా అడవిలో టెర్మిటోమైసెస్ ఉండదు, అక్కడి తెల్ల గొడుగు వేరే జీవి. 2012 జనవరిలో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఇద్దరు ఇలాగే పోయారు. ఆసియా నుంచి వచ్చినవాళ్ళు వరిగడ్డి పుట్టగొడుగు అనుకుని డెత్ క్యాప్ అనే విషపు అమానిటాను వండటం చాలాచోట్ల జరిగింది. వరిగడ్డి పుట్టగొడుక్కి కూడా అడుగున సంచి ఉంటుంది మరి. లేతగా గుడ్డులా ఉన్నప్పుడు రెంటికీ తేడా పట్టడం కష్టం.

ఇంకో సంగతి, అమానిటాలను గుల్లలేని నత్తలు తింటాయి, ఉడతలు కూడా కొరుకుతాయి. వాటి లివరు, వాటి కడుపు వేరు.

#12 పెద్దిరాజు · ఖమ్మం జిల్లా

సరే కిట్టయ్యా. పుట్ట మీదిది తప్ప ఇంకోటి ముట్టేది లేదు. వెండి నాణెం సంగతి మాత్రం మా ఆవిడ ఒప్పుకోదు, అది నీ పాటు.

#13 మైక్రోస్కోప్ మల్లిక · బ్రిటిష్ కొలంబియా

ఆలస్యంగా వచ్చాను, కానీ ఈ ఈగ పేరు చూసి వదిలిపెట్టలేను. విషం తట్టుకోవడం దీని కథలో సగమే.

పుట్టగొడుగు ఇల్లుగా పనికొచ్చేది కొద్ది రోజులే. ఈ ఏడు ఇక్కడ, వచ్చే ఏడు ఎక్కడో. ఫలానా జాతి మీదే గుడ్లు పెడతానని మడి కట్టుకుంటే ఈగ వంశం నిలవదు. అందుకని మెత్తటి కండ ఉన్న ఏ పుట్టగొడుగైనా దీనికి సమ్మతమే, అమానిటాతో సహా. విషాన్ని ఓర్చుకునే శక్తి ఇలాంటి అన్నీ తినే ఈగల్లో ఎందుకు వచ్చిందో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది.

మిగతాది అర్థం కావాలంటే నులిపురుగు గురించి చెప్పాలి. హొవార్డులా అయోరోనింఫియం. దీని ఆడపురుగులు కుళ్ళుతున్న పుట్టగొడుగులో జతకట్టి, ఈగ పిల్ల చర్మాన్ని తొలుచుకుని లోపలికి దూరతాయి. ఈగ పెద్దదయ్యేసరికి లోపల తల్లి పురుగు ఉబ్బి, దాని పిల్లలు ఈగ పొట్ట నిండా ఉంటాయి. ఆ ఈగ ఇంకో పుట్టగొడుగు మీద వాలినప్పుడు అవి బయటికి రాలతాయి. ఆడ ఈగకు గుడ్లు దాదాపు ఉండవు. బతికే ఉంటుంది, ఎగురుతుంది, కానీ పని చేసేది నులిపురుగుకే.

ఇప్పుడు అమానిటా దగ్గరికి రండి. 1985లో జేనికె చూపించింది ఏమిటంటే, విషమున్న అమానిటాల్లో పెరిగిన ఈగల్లో ఈ నులిపురుగులు తక్కువ. విషాన్ని ఈగ తట్టుకుంటుంది, నులిపురుగు తట్టుకోలేదు. అంటే ఆ తెల్ల గొడుగు మనకు ఎంత ప్రమాదమో ఈగ పిల్లకు అంత రక్షణ. పురుగు కనబడింది కదా అని వండితే, విషం చాటున దాక్కున్నదాన్ని చూసి విషం లేదనుకున్నట్టే.

ఇక నాకు ఇష్టమైన భాగం. కొన్ని నియోటెస్టేషియా ఈగల లోపల స్పైరోప్లాస్మా అనే బాక్టీరియా ఉంటుంది. తల్లి నుంచి గుడ్డు ద్వారా పిల్లలకు వస్తుంది. ఇది ఉన్న ఆడ ఈగకు నులిపురుగు సోకినా మళ్ళీ గుడ్లు పెట్టగలుగుతుంది, నులిపురుగులే గిడసబారిపోతాయి. 2010లో 'సైన్స్'లో వచ్చిన పేపరులో అంకెలు చూసి నేను రెండోసారి చదివాను. ఖండం తూర్పు వైపు 1980లలో సుమారు పది శాతం ఈగల్లో ఉన్న బాక్టీరియా 2008 నాటికి 80 శాతానికి చేరింది. అక్కడి నుంచి పడమరకు పాకుతూ వచ్చింది. పరిణామం అంటే లక్షల ఏళ్ళ వ్యవహారం అని చదువుకున్నాం. ఇది ఒక ప్రొఫెసరు ఉద్యోగ కాలంలో, ఆయన కిటికీ బయటి అడవిలోనే జరిగిపోయింది. పైగా ఈగ జన్యువు మారలేదు, లోపలి అద్దెదారు చేసిన పని.

#14 సందేహాలరావు · హైదరాబాద్

బాక్టీరియా నులిపురుగును ఎలా కొడుతుంది? ఆహారం లాక్కుంటుందా, మందేమైనా తయారుచేస్తుందా?

#15 మైక్రోస్కోప్ మల్లిక · బ్రిటిష్ కొలంబియా

ఈగ బాడీలో ఆహారం లాక్కోవడం కూడా ఒక కారణం కావచ్చని అనుమానించారు. కానీ గట్టి ఆధారం దొరికింది విషానికే. 2016లో విక్టోరియా విశ్వవిద్యాలయం బృందం పీఎన్‌ఏఎస్ పత్రికలో రాసింది: ఈ స్పైరోప్లాస్మా రైబోజోములను పాడుచేసే ప్రొటీన్ ఒకటి తయారుచేస్తుంది. కణంలో ప్రొటీన్లు అల్లే యంత్రం రైబోజోము. అందులోని ఆర్‌ఎన్‌ఏలో ఒకే ఒక్క చోట అడెనిన్ అనే ఒక ముక్కను ఊడబెరుకుతుంది, యంత్రం ఆగిపోతుంది. స్పైరోప్లాస్మా ఉన్న ఈగల్లోని నులిపురుగుల ఆర్‌ఎన్‌ఏలో సరిగ్గా అదే గాయం కనబడింది.

ఈ ప్రొటీన్ల కుటుంబంలో అందరికీ తెలిసిన సభ్యురాలు మన దగ్గరే ఉంది. ఆముదం గింజలోని రైసిన్.

#16 ఎర్రనేల · నల్లగొండ

ఏందక్కా, ఆముదమా! మేం ఏండ్ల సంది పండిస్తున్నం. నూనె తీసినంక మిగిలిన చెక్క పశువులకు పెట్టం, చేనుకే ఏస్తం. బర్రె తింటే ఆశ వదులుకునుడే అని మా నాయిన చెప్తుండె. గదే విషం ఈగ కడుపుల కూడ ఉన్నదంటున్నరా?

#17 మైక్రోస్కోప్ మల్లిక · బ్రిటిష్ కొలంబియా

అచ్చం అదే కాదు తమ్ముడూ, అదే కుటుంబం, దెబ్బ కొట్టే చోటు అదే. మీ నాన్నగారు చెప్పింది నిజం. రైసిన్ నూనెలోకి రాదు, చెక్కలోనే ఉండిపోతుంది. వేడి చేసి విరగ్గొట్టని చెక్కను పశువులకు పెట్టకూడదు.

ఇందులో నాకు వింతగా అనిపించేది వేరు. పుట్టగొడుగు విషం ఆర్‌ఎన్‌ఏ రాయడాన్ని ఆపుతుంది, బాక్టీరియా విషం ఆ రాసినదాన్ని చదివి ప్రొటీన్ చేయడాన్ని ఆపుతుంది. ఆ బుల్లి ఈగ రెండింటి మధ్యా బతుకుతోంది, రెండూ ఎక్కువగా తగిలేది దాని శత్రువుకే.

#18 వనజ పుట్టగొడుగులు · గుంటూరు జిల్లా

నాది అడవి కాదు, షెడ్డు. వరిగడ్డి బెడ్ల మీద ముత్యపు చిప్ప, ఎండాకాలం పాల పుట్టగొడుగులు పెంచుతాను. స్పాన్ (పుట్టగొడుగు విత్తనం) పాకే రోజుల్లోనే నల్లటి సన్న ఈగలు వస్తున్నాయి. బెడ్డు విప్పితే లోపల పురుగులు. మొగ్గలు మాడిపోతున్నాయి. ఇవి మీరు చెప్పే ఈగలేనా? అయితే ఆ నులిపురుగుల్ని నాకు కాసిని పంపండి 🙂

#19 కీటకాల కిట్టయ్య · నిర్వాహకుడు

నులిపురుగుల పార్సిల్ కుదరదు వనజక్కా. మీ షెడ్డులోవి ఇవి కావు. సన్నగా, నల్లగా, పొడుగు మీసాలతో దోమలా ఉంటే సియారిడ్ ఈగలు. పిల్లలకు నల్ల తల ఉంటుంది, దారాల్లా పాకే బూజును, మొగ్గలను తింటాయి. వీపు గూనిగా ఉండి, ఎగరడం కంటే గబగబా పరిగెత్తడమే ఎక్కువైతే ఫోరిడ్. ఏ రకమో చూసి చెప్పండి.

ఏదైనా సరే, మందు కొట్టాలనే ఆలోచన ముందు పక్కన పెట్టండి. తినేదాని మీద కొడుతున్నాం. తలుపులకూ కిటికీలకూ దోమతెర కంటే సన్నటి వల, లోపల లైటు దగ్గర పసుపు జిగురు అట్టలు. గడ్డి సరిగా ఉడికించడం. అన్నిటికంటే ముఖ్యం, కాపు అయిపోయిన బెడ్లను షెడ్డు పక్కనే కుప్ప పోయొద్దు. చాలామంది దగ్గర ఈగలు పుట్టేది ఆ కుప్పలోనే.

#20 వనజ పుట్టగొడుగులు · గుంటూరు జిల్లా

కుప్ప షెడ్డు వెనకే ఉంది. రేపే ఎత్తించి చేలో దున్నిస్తాను. గూని ఈగలు కాదు, మీసాలవే.

#21 సందేహాలరావు · హైదరాబాద్

మల్లిక గారూ, చివరి ప్రశ్న (అని ప్రతిసారీ అంటాను). ఇలాంటి ఈగల్ని అడవిలో ఎలా పడతారు? నాకు వికారాబాద్ అడవి దగ్గరే.

#22 మైక్రోస్కోప్ మల్లిక · బ్రిటిష్ కొలంబియా

నవ్వకండి, సూపర్‌మార్కెట్ బటన్ పుట్టగొడుగులతో. ఒక పొట్లం కొని, కాస్త తడిపి, చెట్ల నీడలో ఆకుల మీద గుట్టగా పెడతారు. ఒకటి రెండు రోజులు మగ్గనిచ్చి పొద్దున్నో సాయంత్రమో వెళ్ళి పైనుంచి వల ఊపితే చాలు. పరిశోధకులు చేసేదీ ఇదే.

పెంచి చూడాలంటే, పురుగులున్న పుట్టగొడుగును సీసాలో తడి మట్టి మీద పెట్టి మూతికి పల్చని గుడ్డ కట్టండి. పిల్లలు మట్టిలోకి దిగి ప్యూపాలవుతాయి. మట్టి తడారకూడదు, నీళ్ళు నిలవకూడదు. వికారాబాద్‌లో వచ్చేవి నియోటెస్టేషియా కావు, అది ఉత్తర అమెరికా ఈగ. కానీ పుట్టగొడుగు తినే డ్రోసోఫిలాలు మన దేశంలోనూ ఉన్నాయి. ఏం పడతాయో నాకూ కుతూహలంగానే ఉంది. ఫోటో పక్క నుంచి తీయండి, రెక్కల ఈనెలూ పొట్ట మీది మచ్చలూ కనపడాలి. పుట్టగొడుగును తాకితే విషం ఎక్కదు కానీ, చేతులు కడుక్కుని టిఫిన్ తినండి.